ప్లానార్ స్పీకర్లతో కాపురం

చిరంజీవి శ్రీకాంత్‌కు,

ఆశీస్సులు. పాత మాగ్నెపాన్ 1.6 ప్లానార్ స్పీకర్ల (పెట్టె లేని, పలక లాంటి స్పీకర్లు) జత ఒకటి కొన్నావనీ, వాటిని హాల్లో ఎక్కడ నిలబెట్టాలన్న విషయంలో ఇంట్లో ఇంకా రాజీ కుదరలేదనీ మీ నాన్న చెప్పాడు. ఆ కంపెనీ స్పీకర్లతోనే ఏళ్ల తరబడి గడిపినవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను. వీటిని కొన్నవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండానే కేబుళ్లు మార్చడం మొదలుపెడతారు. ఆ డబ్బు దాచుకుని ముందుగా గదిని దారికి తెచ్చుకో.

3ఎం కంపెనీలో ఇంజినీరుగా పనిచేసిన జిమ్ వైనీ 1969లో మాగ్నెపాన్‌ను స్థాపించిన నాటి నుంచీ వీటి సూత్రం ఒక్కటే. పల్చని మైలార్ (ప్లాస్టిక్) పొర మీద తీగను వరసలుగా అతికిస్తారు. పక్కనే అయస్కాంతాలు పేరుస్తారు. తీగలో ఆంప్లిఫయర్ కరెంటు పారినప్పుడు ఆ పొర ఊగి శబ్దం పుడుతుంది. వెనక పెట్టె లేదు గనుక ముందుకు ఎంత శబ్దం వస్తుందో వెనక్కీ అంతే పోతుంది, కానీ ముందు గాలిని నెట్టేటప్పుడు వెనక గుంజుతుంది. అందువల్ల పెట్టె స్పీకరును గోడకు చేరిస్తే బేస్ (కింది స్వరాలు) పెరుగుతుంది గానీ, దీన్ని చేరిస్తే గోడకు తగిలి తిరిగొచ్చిన అల ముందు అలను తినేసి బేస్ పల్చబడిపోతుంది. గోడకు కనీసం ఒక మీటరు దూరం ఉంచు. అప్పుడు వెనక అల రెండు మీటర్లు అదనంగా తిరిగి, సుమారు 6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చెవికి చేరుతుంది. ఆ ఆలస్యమే పాటకు లోతునిస్తుంది. పక్క గోడల గురించి అంత బెంగ అక్కర్లేదు, అటువైపు శబ్దం బాగా తక్కువ.

అయిదడుగుల పైన ఎత్తున్న పలకలు హాలు మధ్యకు వస్తే కోడలు ఒప్పుకోదు, అందులో ఆమె తప్పేమీ లేదు. వినేటప్పుడు ముందుకు జరుపుకుని, అయ్యాక వెనక్కి నెట్టేయి. సరైన చోటు కుదిరాక నేల మీద చిన్న టేపు ముక్కలు అంటిస్తే వెతుక్కునే పని ఉండదు. ఆ చోటు తేల్చుకోవడానికి శబ్దనాణ్యత పిచ్చివాళ్ల కోసం చేసే ఆడియోఫైల్ డిస్కులేవీ కొనకు. ఘంటసాల పాడిన 1950ల నాటి పాట ఒకటి పెట్టు. అది మోనో రికార్డింగు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం, కనుక గొంతు రెండు పలకల నడుమ ఒకేచోట, మనిషి నిలబడి పాడుతున్నట్టు వినిపించాలి. పక్కకు జారితే నీ కుర్చీకి రెండు పలకలూ సమాన దూరంలో లేనట్టే. తర్వాత పలకలను కొద్దికొద్దిగా లోపలికి తిప్పు. ట్వీటర్ (పై స్వరాలు పలికే భాగం) ఉన్న అంచు, రెండో అంచుకన్నా నీ చెవికి కాస్త ఎడంగా ఉంటే స్వరం కుదురుగా ఉంటుంది. కుడి ఎడమలు మార్చి, ట్వీటర్లు లోపలివైపు ఉంటే ఎలా ఉందో, బయటివైపు ఉంటే ఎలా ఉందో కూడా విను. దానికి నియమమేమీ లేదు, గదే చెబుతుంది.

ఆంప్లిఫయర్ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. శబ్దం ఎంత గట్టిగా వస్తుందో చెప్పడానికి కంపెనీ ఇచ్చే 86 డెసిబెళ్ల అంకె 2.83 వోల్టుల వద్ద కొలిచినది. నాలుగు ఓముల (విద్యుత్ నిరోధం) స్పీకరుకు అది రెండు వాట్లవుతుంది కనుక ఒక వాటుకు దక్కేది 83 మాత్రమే, అంటే ఇవి ఎక్కువ వాట్లు అడుగుతాయి. ఎనిమిది ఓముల వద్ద ఇచ్చే వాట్లను నాలుగు ఓముల వద్ద దాదాపు రెట్టింపు చేయగలిగిన ఆంప్లిఫయర్ కావాలి. సినిమాల కోసం కొన్న మామూలు రిసీవరు కాస్త గట్టిగా పెట్టేసరికి క్లిప్ అవుతుంది (శక్తి చాలక అల కొసలు తెగిపోతాయి), ఆ వికృత శబ్దమే ట్వీటర్‌ను కాల్చేస్తుంది. స్పీకరు ఫ్యూజు పోతే అదే విలువ ఉన్నది పెట్టు; పెద్దది వేయడం, రేకు చుట్టడం వంటి పనులు చేయవద్దు. సబ్‌వూఫర్ (బేస్ కోసం వేరే స్పీకరు) ఊసు మొదటి ఏడాది ఎత్తకు. కింద 40 హెర్ట్‌జ్ దాకా ఇవే వాయిస్తాయి, మృదంగానికి అది చాలు.

ఇక వయసు సంగతి. 1.6 వచ్చింది 1990ల చివర్లో, 2010లో దాని స్థానంలోకి 1.7 వచ్చింది, కనుక నీ జత ఎంత కొత్తదైనా పాతదే. వీటిలో ముందు ముసలిదయ్యేది జిగురు. ఎండ, తేమ తగిలిన కొద్దీ బేస్ భాగంలో తీగ అక్కడక్కడ మైలార్‌ను వదిలేస్తుంది, అప్పుడు తంబురా శ్రుతి కింద ఈగ ముసిరినట్టు జుమ్మనే శబ్దం మొదలవుతుంది. అనుమానం వస్తే, 40 నుంచి 200 హెర్ట్‌జ్ వరకు మెల్లగా పెరిగే టోను తక్కువ వాల్యూములో పెట్టి, ఒక్కో పలకనే విను. జుమ్మన్నంత మాత్రాన జిగురే పోయిందనుకోకు. ముందు పాదాల మరలు, వెనక టెర్మినళ్లు, పక్కనున్న ఫొటో ఫ్రేములు చూడు. అప్పటికీ పోకపోతే పలకను కప్పిన గుడ్డ తొలగించి, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూస్తే లేచిన తీగ కనబడుతుంది. చేతి నేర్పు ఉన్నవాళ్లు పాత జిగురు గీకి మళ్లీ అతికిస్తారు. నీకు ధైర్యం చాలకపోతే అమెరికాలో మిన్నెసోటాలోని మాగ్నెపాన్ ఫ్యాక్టరీని అడుగు. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే కిటికీకి తెర కట్టు. అయస్కాంతాలు ఇనప రజనును లాగుతాయి కనుక పలకల దగ్గర డ్రిల్లింగు, ఇనుము అరగదీయడం వద్దు.

విశాఖపట్నం ఇంటికి వీటిని పంపే ఆలోచన ఉందట. సముద్రపు గాలికి లోపలి ఇనప రేకులు తుప్పు పడతాయి, బాగుచేసేవాడు చుట్టుపక్కల దొరకడం కష్టం. అమ్మకైతే మంచి పెట్టె స్పీకర్లు కొనిపెట్టు. ఇవి నీ దగ్గరే ఉండనీ, వాటితో వచ్చిన అట్టపెట్టెలు మాత్రం అటక మీద పొడిగా దాచు, ఎప్పుడైనా ఫ్యాక్టరీకి పంపాల్సి వస్తే ఆ కొలతల పెట్టె బయట దొరకదు.

ఇట్లు,
మీ పెదనాన్న