మిద్దెతోటలో వానపాముల ఎరువు: ఎంత వేయాలి, ఎలా వేయాలి?

ప్రశ్న: మిద్దెపై 12 అంగుళాల కుండీల్లో వంగ, టమాటా, మిరప పెంచుతున్నాను. రసాయన ఎరువులు వాడడం ఇష్టం లేక, నర్సరీలో కొన్న వర్మీ కంపోస్టు ఒక్కటే రెండు నెలలుగా పైపైన చల్లుతున్నాను. అయినా కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి, టమాటాకు పూత నిలవడం లేదు. ఎరువు ఎక్కువైందంటారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎక్కువ కాలేదు. కుండీ అడుగున నీరు నిలవకుండా ఉండి, ముదురు ఆకులు ముందుగా పసుపు రంగుకు తిరుగుతూ ఉంటే, అది చాలావరకు నత్రజని లోపమే. వానపాముల ఎరువులో నత్రజని సాధారణంగా ఒకటి, ఒకటిన్నర శాతానికి మించదు. అంటే కిలో ఎరువులో 10 నుంచి 15 గ్రాములు, అదీ మొక్కకు నెమ్మదిగా అందుతుంది. మట్టిని గుల్లబరచడంలో, తేమను పట్టి ఉంచడంలో, మేలుచేసే సూక్ష్మజీవులను పెంచడంలో ఈ ఎరువు ఎంతో గొప్పది. కానీ నెలల తరబడి కాయలిచ్చే వంగ, టమాటాలకు ఇంత చిన్న కుండీలో అదొక్కటే చాలుతుందని చెప్పడం మిమ్మల్ని తప్పుదారి పట్టించడమే అవుతుంది.

నత్రజని 7 శాతం వరకు ఉండే వేరుసెనగ చెక్కను (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పిని) దీనికి తోడు చేయండి. వంద గ్రాముల చెక్కను లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, పది రెట్లు నీరు కలిపి, రెండు వారాలకోసారి కుండీకి పావు లీటరు చొప్పున పోయండి. ఇప్పటికే పండిపోయిన ఆకులు మళ్లీ పచ్చబడవు కనుక, కొత్త చిగుళ్ల రంగును బట్టి ఫలితాన్ని అంచనా వేయండి. పూత విషయంలో ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే టమాటా పూత రాలడం సహజం. దాన్ని ఏ ఎరువూ ఆపలేదు, షేడ్‌నెట్ కట్టాల్సిందే.

ఇక వేసే పద్ధతి. పైపైన చల్లిన ఎరువు మిద్దె మీది ఎండకు ఎండిపోయి, అందులోని సూక్ష్మజీవులు చాలావరకు నశిస్తాయి. నెలకోసారి, కాండానికి రెండంగుళాల దూరంలో పైమట్టిని వేళ్లతో మెల్లగా గుల్లచేసి, రెండు గుప్పెళ్ల ఎరువు వేసి, మట్టితో కప్పి, పైన ఎండుటాకులు పరచండి. కొత్తగా కుండీ నింపేటప్పుడైతే ఎర్రమట్టి రెండు పాళ్లు, కొబ్బరిపొట్టు ఒక పాలు, వర్మీ కంపోస్టు ఒక పాలు కలిపితే సరిపోతుంది.

కొనేముందు ఒక గుప్పెడు తీసి చూడండి. మంచి ఎరువు నల్లగా, టీపొడిలా రవ్వరవ్వగా ఉండి, వాన పడిన మట్టి వాసన వేస్తుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద అవుతుంది, వేలితో తాకితే విడిపోతుంది. పేడ వాసన వస్తే ఇంకా మాగలేదని అర్థం.

ప్రశ్న: తెచ్చిన సంచిలో సన్నని ఎర్ర వానపాములు కనిపించాయి. అవి వేర్లను తినేస్తాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తినవు. ఎరువు తయారీకి పెంచే ఈ జాతులు కుళ్లుతున్న పదార్థాన్నే తింటాయి తప్ప బతికున్న వేర్ల జోలికి పోవు. అయితే ఒట్టి మట్టిలో వాటికి మేత దొరకదు, వేసవిలో కాగే కుండీలో అవి బతకవు. వాటిని ఏరి, నీడలో ఉంచిన రంధ్రాల తొట్టెలో సగం కుళ్లిన పేడ, ఎండుటాకులు, కూరగాయల తొక్కలు వేసి వదలండి. పచ్చి పేడ పులిసేటప్పుడు పుట్టే వేడికి వానపాములు చనిపోతాయి కనుక అది వద్దు. ఉప్పు, నూనె తగిలిన మిగులు కూరలు, నిమ్మతొక్కలు కూడా వేయకండి. గోనెసంచి కప్పి తడి ఆరకుండా చూసుకుంటే, రెండు మూడు నెలల్లో మీ ఇంటి ఎరువు చేతికొస్తుంది. తీసే ముందు నాలుగైదు రోజులు నీళ్లు చల్లడం ఆపండి. తేమ కోసం వానపాములు అడుక్కి దిగిపోతాయి, పైనున్న ఎరువును సులువుగా తీసి జల్లించుకోవచ్చు.