రామన్ రాఘవ్‌ది నిజంగా మానసిక వ్యాధేనా, నటనా?

ప్రశ్న: 1960లలో బొంబాయిలో అంతమందిని చంపిన రామన్ రాఘవ్‌కి నిజంగానే మతిస్థిమితం లేదా? లేక ఉరి తప్పించుకోవడానికి నాటకం ఆడాడా? జబ్బు ఉన్నంత మాత్రాన ఉరి రద్దు చేయడం న్యాయమేనా?

జవాబు:

నాటకం కాదు. నాటకం ఆడేవాడైతే ఉరిశిక్ష పడ్డాక అప్పీలు చేసుకోను అని కూర్చోడు. రాఘవ్ అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత హైకోర్టులో జరిగినదంతా అతను అడిగితే జరిగింది కాదు. సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్షని హైకోర్టు ఖరారు చేస్తేనే అమలు చేయాలని మన చట్టంలో ఉంది కాబట్టి జరిగింది.

నేను డాక్టర్ని కాదు, లాయర్ని కాదు. మా అన్నయ్యకి స్కిజోఫ్రేనియా, అంటే లేనివి ఉన్నట్టు గట్టిగా నమ్మించే మానసిక జబ్బు. కాలేజీ రోజుల్లో మొదలైంది, ఇప్పుడు తల నెరిసింది, ఇంకా మందుల మీదే ఉన్నాడు. రాఘవ్‌కి ఉందని తేలింది కూడా ఇదే జబ్బు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. మా అన్నయ్య ఇన్నేళ్లలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. కానీ ఈ కేసులో అందరూ తికమకపడే చోటు ఒకటుంది. ఆ చోటు నాకు మా ఇంట్లో రోజూ కనిపించేదే. అందుకే రాస్తున్నాను.

ముందు కథ తెలియనివాళ్ల కోసం. 1965, 66 ప్రాంతంలో బొంబాయి శివార్లలో, రైలు పట్టాల వెంబడి, గుడిసెల్లోనూ పేవ్‌మెంట్ల మీదా నిద్రపోతున్నవాళ్ల మీద రాత్రిపూట దాడులు జరిగాయి. బరువైన మొద్దు వస్తువుతో తల మీద కొట్టడం, అందరి విషయంలోనూ అదే పద్ధతి. అప్పట్లో అక్కడ తచ్చాడుతున్నాడని పోలీసులు ఒకణ్ణి పట్టుకున్నారు. దోపిడీ కేసులో జైలుకెళ్లొచ్చినవాడు, పాత రికార్డులో ఉన్నవాడు. అతనే రాఘవ్. సాక్ష్యం లేక వదిలేశారు. 1968లో మళ్లీ మొదలైంది. పోయినవాళ్లంతా తలుపుకి గడియ పెట్టుకునే స్తోమత లేనివాళ్లు. చాలామందికి తలుపే లేదు. రాఘవ్ గురించి ఇంత రాసుకున్నాం, ఇన్నేళ్లుగా చెప్పుకుంటున్నాం. వాళ్ల గురించి రాసింది ఎంత? నాకు ఈ కేసులో అన్నిటికంటే బాధ అనిపించేది అదే.

క్రైమ్ బ్రాంచ్ డిప్యూటీ కమిషనర్ రమాకాంత్ కులకర్ణి దర్యాప్తు నడిపించారు. 1968 ఆగస్టు 27న అలెక్స్ ఫియాల్హో అనే సబ్ ఇన్‌స్పెక్టర్, తన దగ్గరున్న ఫొటో, పోలికలను బట్టి దారిలో వెళ్తున్న రాఘవ్‌ని గుర్తుపట్టి పట్టుకున్నాడు. వేలిముద్రలు పాత రికార్డుతో సరిపోయాయి. సింధీ దల్వాయ్, తలవాయ్, అన్నా, తంబీ, వేలుస్వామి, ఇలా ఎన్నో పేర్లతో తిరిగేవాడు. అప్పుడు అతని దగ్గర దొరికినవి చూడండి: ఒక కళ్లజోడు, రెండు దువ్వెనలు, కత్తెర, అగరొత్తుల స్టాండు, సబ్బు, వెల్లుల్లి, టీ పొడి, ఏవో లెక్కలు వేసుకున్న రెండు కాగితాలు. చొక్కా మీద, నిక్కరు మీద రక్తపు మరకలు.

రాఘవ్ కాగితాల మీద ఏం రాసుకున్నాడో నేను చెప్పలేను. కానీ మా ఇంట్లో కరెంటు బిల్లుల వెనకాల అంకెలు నిలువు వరసల్లో ఉంటాయి. వీధిలో వెళ్లిన బళ్ల నంబర్లు, వాటిని కూడితే వచ్చిన మొత్తాలు. అన్నయ్యకి అది తనని ఎవరు గమనిస్తున్నారో తేల్చే లెక్క. ఆ కూడికల్లో తప్పు ఉండదు. ఎన్నోసార్లు సరిచూశాను.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ జబ్బు వస్తే మనిషికి ఏమీ తెలియకుండా పోతుందని చాలామంది అనుకుంటారు. తెలివి మొత్తం పోదు. అన్నయ్య కొట్టుకెళ్తే చిల్లర పైసా తేడా రాకుండా తెస్తాడు. ఏ రైలు ఎన్నింటికో చెప్తాడు. అదే మనిషి, అదే పూట, స్తంభం ఎక్కిన లైన్‌మన్‌ని తన కోసమే పంపారని చెప్తాడు. రెండూ ఒకే గొంతుతో చెప్తాడు, రెండో మాట దగ్గర గొంతు మారదు. మీరెంత వాదించినా ఆ నమ్మకం కదలదు. వాదిస్తే మీరు కూడా వాళ్లలో కలిసిపోయారనుకుంటాడు.

ఇది తెలిస్తే రాఘవ్ కోర్టు కాగితాలు వేరేలా అర్థమవుతాయి. పట్టుకున్నాక చాలాసేపు అతను నోరు విప్పలేదు. తర్వాత కోడికూర అడిగాడు, పెట్టారు. కొబ్బరినూనె, దువ్వెన, అద్దం అడిగాడు, ఇచ్చారు. ఒంటికి నూనె రాసుకుని, తల దువ్వుకుని, అద్దంలో చూసుకుని, అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. నలభై మందికి పైగా చంపానన్నాడు. దాచిన ఆయుధం ఎక్కడుందో తానే వెంట వెళ్లి చూపించాడు. ఈ భాగం మాత్రమే చదివినవాళ్లు "చూశారా, ఎంత తెలివిగా బేరం ఆడాడో, వీడికి పిచ్చేంటి" అంటారు. కోడికూర మీద ఆశ, దాచిన చోటు గుర్తుండడం, పోలీసుల నుంచి తప్పించుకు తిరగడం, ఇవన్నీ ఈ జబ్బుతోపాటే ఉండగలవు. అన్నయ్య తన అంకెల కాగితాలు బియ్యం డబ్బా వెనక దాస్తాడు. దాచిపెట్టాడు కాబట్టి ఆరోగ్యంగా ఉన్నాడని ఎలా అంటాం? ఎవరి నుంచి దాస్తున్నాడో అది అడగాలి.

1969 జూన్‌లో విచారణ మొదలవగానే డిఫెన్స్ లాయరు, ఇతనికి మతిస్థిమితం లేదు, తన తరఫున వాదించుకునే స్థితిలో లేడు అన్నాడు. కోర్టు బొంబాయి పోలీస్ సర్జన్‌కి, అంటే పోలీసు శాఖ వైద్యుడికి, అప్పగించింది. ఆయన దాదాపు నెలరోజులు గమనించి, జ్ఞాపకశక్తి బాగుంది, తెలివి సగటుగా ఉంది, చేసేదేమిటో తెలుసు, పిచ్చి లేదు అని రాసిచ్చాడు. ఆ తర్వాత నాయర్ ఆసుపత్రి మానసిక వైద్యుడు ఆర్థర్ రోడ్ జైలులో రాఘవ్‌తో మాట్లాడి, ఇతనికి ఎంతోకాలంగా పారనాయిడ్ స్కిజోఫ్రేనియా (ఎవరో తనని వేధిస్తున్నారని నమ్మే రకం) ఉందని సాక్ష్యం చెప్పాడు. ఆయన ఒక మాట చాలా జాగ్రత్తగా అన్నాడు. చంపాలనే ఉద్దేశంతోనే చంపాడు, మనుషుల్ని చంపుతున్నానని తెలుసు, కానీ అది తప్పనీ చట్టవిరుద్ధమనీ అతనికి తెలియదు.

జడ్జి దీన్ని ఒప్పుకోలేదు. నేరం రుజువైందని మరణశిక్ష వేశాడు.

ఇద్దరు డాక్టర్లు, ఒకే మనిషి, రెండు మాటలు. ఇది ఎలా సాధ్యమని అడుగుతారు. మేం మొదట్లో అన్నయ్యని చూపించిన ఒకచోట ఏం జరిగిందో చెప్తాను. పేరు, తేదీ, ప్రధాని ఎవరు, వందలోంచి ఏడు తీసేస్తే ఎంత, అన్నీ అడిగారు. తడుముకోకుండా చెప్పాడు. నవ్వుతూ చెప్పాడు. బాగానే ఉన్నాడు, చదువు ఒత్తిడి అయ్యుంటుంది అని కాగితం మీద రాసేశారు. లేచి తలుపు దాకా వచ్చాక వెనక్కి తిరిగి ఆ డాక్టరుతో, "ఆ ఫ్యాను ఆపించండి సార్, మనం మాట్లాడింది వాళ్లకి వెళ్తోంది" అన్నాడు. ఆయన అప్పటికే తర్వాతి చీటీ అందుకున్నారు. అమ్మ ముఖం వంక చూడలేకపోయాను.

హైకోర్టు ముగ్గురు మానసిక వైద్యులతో ప్రత్యేక బోర్డు వేయించింది. వాళ్లు అతన్ని ఐదుసార్లు, రెండేసి గంటల చొప్పున చూశారు. అన్నిసార్లు, అంతసేపు కూర్చుంటే గానీ ఒక్కోసారి ఈ జబ్బు బయటికి రాదు. ఆ నివేదికలోవే ఇవి. లోకాలు రెండున్నాయి, ఒకటి కానూన్ (చట్టం) లోకం, రెండోది ఇది. తాను కానూన్ ప్రతినిధి, ఒక శక్తి. తనని ఆడదానిగా మార్చాలని చూస్తున్నారు, కానీ తాను నూటికి నూటొక్క పాళ్లు మగవాణ్ణి. దేశంలో మూడు ప్రభుత్వాలున్నాయి, అక్బర్ ప్రభుత్వం, బ్రిటిష్ ప్రభుత్వం, కాంగ్రెస్ ప్రభుత్వం, మూడూ తనని వేధిస్తున్నాయి. దొంగతనాలు చేయడానికి తనని బొంబాయి తెచ్చింది ప్రభుత్వమే. చివరి రోజు డాక్టర్లు లేచి వెళ్తూ చెయ్యి కలపబోతే కలపలేదు. నేను కానూన్ ప్రతినిధిని, ఈ పాపిష్టి లోకపు మనుషుల్ని తాకను అన్నాడట.

ఇది చదివినప్పుడు నాకు ఆ ఫ్యాను మాటే గుర్తొచ్చింది. ప్రశ్నలు అయిపోయాయి, ఇక మెప్పించాల్సిన పని లేదు. నటించేవాడు చూసేవాళ్ల ముందు నటిస్తాడు. ఈ జబ్బులో ఉన్నవాడు చూసేవాళ్ల ముందు దాన్ని అణచుకుంటాడు, వాళ్లు లేచి వెళ్తుంటే బయటపడతాడు. అందరూ ఇలాగే ఉంటారని అనను. మా ఇంట్లో మాత్రం ఇదే చూశాను.

ఇక చట్టం సంగతి. 1843లో ఇంగ్లండులో డానియల్ మెక్‌నాటెన్ అనే అతను, అధికార పార్టీ తనని వెంటాడుతోందని నమ్మి, ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమ్మండ్‌ని కాల్చి చంపాడు. కోర్టు అతన్ని మతిస్థిమితం లేదని నిర్దోషిగా తేల్చడంతో పెద్ద గొడవైంది. ఆ గొడవలోంచి పుట్టిన సూత్రమే మన 1860 నాటి శిక్షాస్మృతిలో సెక్షన్ 84గా వచ్చింది. 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో అది సెక్షన్ 22. చేస్తున్న పని ఏమిటో తెలియకపోయినా, అది తప్పని గానీ చట్టవిరుద్ధమని గానీ తెలియకపోయినా నేరం కాదు. జబ్బు ఉందా లేదా అన్నది ఒక్కటే చాలదు, ఆ క్షణాన తెలివిడి ఉందా అనేది తేలాలి. రాఘవ్ లాంటివాడి దగ్గర ఈ కొలబద్ద సరిపోవడం లేదని నా నమ్మకం. తానే కానూన్ అనుకునే మనిషిని, చేసింది కానూన్‌కి విరుద్ధమని తెలుసా అని అడిగితే ఏ జవాబు వస్తుంది?

హైకోర్టు అతన్ని నిర్దోషి అనలేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. నయం కాని మానసిక వ్యాధి ఉందని ఉరిని యావజ్జీవంగా మార్చింది, అంతే. పుణెలో ఎరవాడ జైలు, అక్కడే మానసిక చికిత్స. 1995లో ససూన్ ఆసుపత్రిలో కిడ్నీ జబ్బుతో చనిపోయాడు. పట్టుబడిన దగ్గర్నుంచి చచ్చేదాకా బయటి గాలి పీల్చలేదు. తర్వాత 2014లో శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా, మానసిక వ్యాధి ఉరిశిక్ష తగ్గించడానికి ఒక కారణమని చెప్పింది.

న్యాయమేనా అని అడిగారు. న్యాయమే. పోయినవాళ్ల ఇంటివాళ్లు ఈ మాట ఒప్పుకోకపోతే వాళ్లతో వాదించే హక్కు నాకు లేదు. కానీ ఉరి అంటే ఏమిటో, ఎందుకు తీస్తున్నారో అర్థం కానివాణ్ణి ఉరి తీస్తే అది ఎవరికి వేసిన శిక్ష? సమాజాన్ని అతని నుంచి కాపాడాలి, అది చేశారు.

ఇంకొక విషయం చెప్పి ఆపుతాను. టీవీలో "సైకో" అని ఏ కార్యక్రమం వచ్చినా అమ్మ చానల్ మార్చేస్తుంది, అన్నయ్య విన్నాడేమోనని. స్కిజోఫ్రేనియా ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరికీ హాని చేయరు. దెబ్బలు తినేది, మోసపోయేది, ఇంట్లోంచి గెంటించుకునేది ఎక్కువగా వాళ్లే. వరస హత్యలు చేసినవాళ్లలో ఎక్కువమందికి ఈ జబ్బు లేదు, వాళ్లు తాము చేసేది తప్పని తెలిసే చేశారు. రాఘవ్ అరుదైనవాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి మనుషులకి దూరమై, నిద్ర తగ్గి, ఎవరూ లేని చోట జవాబులు చెప్తూ, తన గురించే ఎవరో మాట్లాడుకుంటున్నారని అంటుంటే వాదించొద్దు, వెక్కిరించొద్దు. "నీకు పిచ్చి" అంటే రారు. నిద్ర పట్టడం లేదు కదా, దానికి చూపిద్దాం అనండి. అన్నయ్య అలాగే వచ్చాడు, ఇప్పటికీ ఆ మాత్రలు నిద్ర కోసమనే వేసుకుంటాడు. మొదటి డాక్టరు బాగానే ఉన్నాడంటే రెండో డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇంట్లో మీరు చూసినవి తేదీలతో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. ఎవరిని అడగాలో తోచకపోతే 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వం నడిపే టెలి మానస్, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.