ఫ్రిస్కో వైపు కొత్త ఇల్లు కొనేవారు ముందు వేసుకోవలసిన పన్ను లెక్క

నాలుగేళ్లుగా టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నామనీ, పాప వచ్చే ఏడాది కిండర్‌గార్టెన్‌లో చేరుతుంది కనుక ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు కొత్తగా కడుతున్న కమ్యూనిటీలలో ఇల్లు కొనాలనుకుంటున్నామనీ, అది మంచి నిర్ణయమేనా అనీ మీరు అడిగారు. మంచి నిర్ణయమే. నేను 2014 నుండి ఫ్రిస్కోలో అటువంటి కమ్యూనిటీలోనే ఉంటున్నాను, మా పిల్లలిద్దరూ ఇక్కడే పెరిగారు. అయితే మీ ఉత్తరంలో ఇంటి ధర ఉంది, వడ్డీ రేటు ఉంది, క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ వర్ణన కూడా ఉంది గాని, ఆస్తిపన్ను అన్న మాట ఒక్కచోట కూడా కనిపించలేదు. ఇల్లు కొన్న ఏడాది నేను కూడా సరిగ్గా ఈ స్థితిలోనే ఉన్నాను. అందుకే మిగిలిన సందేహాలను పక్కన పెట్టి ముందుగా డబ్బు సంగతే రాస్తున్నాను.

ఇక్కడి జీవితంలోని సుఖం గురించి మీకు ఎక్కువ చెప్పనక్కరలేదు. 2000లో 33 వేల పైచిలుకు జనాభా ఉన్న ఫ్రిస్కో 2020 నాటికి రెండు లక్షలు దాటిందంటే, అందులో మనవాళ్ల వాటా ఎంత ఉందో కార్యసిద్ధి హనుమాన్ గుడికి శనివారం వెళ్లినవారికి తెలుస్తుంది. ప్రాథమిక పాఠశాల కమ్యూనిటీ లోపలే ఉంటే పిల్లలు నడిచి వెళ్లి వస్తారు. మా అమ్మా నాన్నా గుంటూరు నుండి వచ్చి ఆరు నెలలు ఉన్నప్పుడు, కారు నడపలేని ఆ పెద్దవాళ్లకు సాయంత్రం చెరువు చుట్టూ ఉన్న నడకదారిలో తమ ఈడు తెలుగువాళ్లు నలుగురు దొరకడం నాకు ఎంతో మనశ్శాంతిని ఇచ్చింది. ఆ శాంతికి అయ్యే ఖర్చు నాకు తెలిసింది మాత్రం ఇంట్లో చేరిన ఏడాదిన్నర తరువాత.

2014 ఆగస్టులో 3,40,000 డాలర్లకు బిల్డరు దగ్గర కొత్త ఇల్లు కొన్నాను. నా ఒక్కడి జీతం మీదే ఇల్లు గడిచేది, నా భార్యకు అప్పటికి పని అనుమతి లేదు. ఇరవై శాతం చెల్లించగా మిగిలిన అప్పు, బీమా, పన్ను అన్నీ కలిపి నెలకు 1,620 డాలర్లు అన్నారు. అపార్ట్‌మెంట్ అద్దె కంటే కొద్దిగానే ఎక్కువ కదా అని సంతోషించి, మిగిలిన పొదుపులో పెద్ద భాగం సోఫాలకూ, కర్టెన్లకూ, గృహప్రవేశానికీ ఖర్చు చేశాను. 2016 ఫిబ్రవరిలో అప్పు ఇచ్చిన సంస్థ నుండి ఒక ఉత్తరం వచ్చింది. పన్నూ బీమా కట్టడానికి నెల వాయిదాలోంచి జమ చేసే ఎస్క్రో ఖాతాలో లోటు ఏర్పడిందనీ, ఇకపై నెలకు 2,580 డాలర్లకు పైగా కట్టాలనీ అందులో ఉంది. పొరపాటున వేరొకరి ఉత్తరం నాకు వచ్చిందేమోనని రెండుసార్లు పేరు చూసుకున్నాను.

పొరపాటు ఏమీ లేదు. టెక్సస్‌లో ఏ ఏడాది పన్నుకైనా ఆ ఏడాది జనవరి 1న ఆస్తి ఏ స్థితిలో ఉందో అదే ప్రమాణం. 2014 జనవరి 1న మా స్థలంలో ఇల్లు లేదు, మట్టి మాత్రమే ఉంది. అందువల్ల ఆ ఏడాది పన్ను 80,000 డాలర్ల స్థలం విలువ మీద పడి 1,800 డాలర్ల లోపే వచ్చింది, నా నెల వాయిదాను కూడా ఆ లెక్కతోనే కట్టారు. 2015 జనవరి 1 నాటికి ఇల్లు ఉంది. నగరం, కౌంటీ, పాఠశాల జిల్లా, కాలేజీ అన్నీ కలిపి అప్పటి రేటు 2.2 శాతం పైచిలుకు కనుక పన్ను 7,600 దాటింది. సంవత్సరమంతా పాత లెక్కన కట్టినందుకు పడిన 5,800 డాలర్ల లోటును పన్నెండు నెలల్లో పూడ్చాలి, రాబోయే ఏడాదికి కూడా అంతే అదనంగా జమ చేయాలి. ఒక్కొక్కటి నెలకు 480 చొప్పున రెండు బరువులు ఒకేసారి మీద పడ్డాయి. ఆ మే నెలలో చెల్లెలి పెళ్లికి పంపుతానని నాన్నగారికి మాట ఇచ్చిన సొమ్మును స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకొని పంపవలసి వచ్చింది. ఆ విషయం నాన్నగారికి ఇప్పటికీ చెప్పలేదు.

కాబట్టి మోడల్ హోమ్‌లో మీకు చూపించే నెల వాయిదాను నమ్మకండి. వాళ్లు అబద్ధం చెబుతారని కాదు, ఆ అంకె మొదటి ఏడాదికి మాత్రమే నిజం. ఇంటి పూర్తి ధరను పూర్తి రేటుతో గుణించి, పన్నెండుతో భాగించి, ఆ మొత్తాన్ని మొదటి నెల నుండే వేరే ఖాతాలో వేసుకోండి. ఇప్పుడు ఇద్దరూ సంపాదిస్తున్న మీబోటి వారికి ఇది కష్టం కాదు, కానీ ఇద్దరి జీతాన్నీ వాయిదాకే సరిపెట్టే ఇల్లు ఎంచుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. హెచ్1బీ మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే ఉండే గడువు సాధారణంగా అరవై రోజులే.

నేను చేసిన రెండో తప్పు, సొంతంగా ఉంటున్న ఇంటికి పన్నులో ఇచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు కోసం దరఖాస్తు చేయకపోవడం. అది దానంతట అదే వస్తుందనుకున్నాను. నా డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంకా ఇర్వింగ్ అపార్ట్‌మెంట్ చిరునామాయే ఉంది, అది మారితే తప్ప దరఖాస్తు చెల్లదు. ఆలస్యంగా దాఖలు చేసి కొంత తిరిగి రాబట్టుకున్నాను గాని, అప్పట్లో ఆ మినహాయింపు చిన్నది. ఇప్పుడు పాఠశాల పన్నుకు వర్తించే మినహాయింపు 2023లో లక్ష డాలర్లకూ, 2025లో 1,40,000 డాలర్లకూ పెరిగింది. పాఠశాల రేటు ఒక శాతం దగ్గర ఉన్నచోట అది ఏటా 1,400 డాలర్ల వరకు మిగులు. పైగా హోమ్‌స్టెడ్ ఉన్న ఇంటికి పన్ను లెక్కించే విలువ ఏడాదికి పది శాతానికి మించి పెరగదు. నియమాలు ఆస్తులకు విలువ కట్టే కౌంటీ అప్రైజల్ కార్యాలయం వారి దగ్గర చూసుకోవచ్చు. తాళం చేతికి వచ్చిన వారంలో లైసెన్సు చిరునామా మార్చుకోవడం మాత్రం మీ పని.

మీరు చూస్తున్న ప్రాస్పర్, సెలీనా చుట్టుపక్కల కొత్త కమ్యూనిటీలలో మరొక బరువు కూడా ఉండవచ్చు. నగర పరిధి దాటిన చోట నీళ్లు, మురుగునీటి గొట్టాలు, రోడ్లు వేయడానికి మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అనే ప్రత్యేక జిల్లా బాండ్లు అమ్ముతుంది, ఆ అప్పును అక్కడ ఇళ్లు కొన్నవారు పన్నుగా తీరుస్తారు. కొన్ని చోట్ల పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) పేరుతో విడిగా రుసుము ఉంటుంది. ఫ్రిస్కో నగరంలో ఇప్పుడు మొత్తం రేటు రెండు శాతానికి లోపే ఉండగా, మడ్ ఉన్నచోట రెండున్నర శాతం దాటడం అరుదు కాదు. అయిదు లక్షల ఇంటి మీద ఆ తేడా ఎంతో మీరే లెక్క వేసుకోండి. మడ్ గాని పిడ్ గాని ఉన్నట్లు ఒప్పందానికి ముందే అమ్మేవారు మీకు రాతపూర్వకంగా తెలియజేయాలి. వంద కాగితాలలో అది ఒకటిగా వస్తుంది, మా స్నేహితులిద్దరు చదవకుండానే సంతకం పెట్టారు.

హెచ్‌ఓఏ (కమ్యూనిటీ నియమాలు చూసే ఇళ్ల యజమానుల సంఘం) గురించి మీరు అనవసరంగా భయపడుతున్నారు. చెత్తడబ్బా వీధిలోకి కనిపించినా, గడ్డి పెరిగినా ఫోటోతో సహా ఉత్తరం వస్తుంది, సరిచేస్తే అయిపోతుంది. పెరట్లో పందిరి వేయాలంటే ముందుగా అనుమతి అడగండి. దానికంటే బీమా కాగితం జాగ్రత్తగా చూడండి. ఈ ప్రాంతంలో వడగళ్ల వానకు పైకప్పు పోవడం మామూలు, ఆ నష్టంలో మనం భరించవలసిన భాగం ఇంటి బీమా విలువలో ఒక శాతమో రెండు శాతమో అని రాసి ఉంటుంది. నేను దాన్ని రెండు వందల డాలర్లలాంటి చిన్న మొత్తమనుకున్నాను. కప్పు మార్చిన రోజున నా చేతి నుండి 6,800 డాలర్లు పోయాయి.

ఏప్రిల్‌లో అప్రైజల్ నోటీసు వస్తుంది. విలువ ఎక్కువనిపిస్తే సాధారణంగా మే 15 లోపు అభ్యంతరం దాఖలు చేయాలి, దానికి రుసుము లేదు. మీ వీధిలో అదే పరిమాణం ఉన్న మూడు నాలుగు ఇళ్లకు ఎంత విలువ కట్టారో తీసిపెట్టుకుంటే చాలు, ఏజెంటు అక్కరలేదు. నేను 2017 నుండి ప్రతి ఏడాదీ స్వయంగా వేస్తున్నాను. మీరు ఇల్లు తీసుకున్నాక మొదటి నోటీసు రాగానే నాకు పంపండి, మొదటిసారి పక్కన కూర్చొని చూపిస్తాను.