ఫ్లోర్ రేకు కోసే ముందు

అబ్బాయ్, నీ పాత కారు ఫ్లోర్ తుప్పు పట్టి పోయిన ఫోటోలు చూశాను. కార్పెట్ ఎత్తగానే కింద నేల కనిపించిందని బెంగపెట్టుకోకు, పాత బండ్లకి అది మామూలే. గ్రైండర్ మాత్రం ఇప్పుడే పట్టుకోకు.

నీ బండికి విడిగా ఛాసిస్ లేదు, బాడీని నిలబెట్టేది ఆ ఫ్లోర్, పక్కనున్న సిల్లులే (తలుపుల కింద పొడవుగా ఉండే పెట్టెలాంటి రేకులు). రెండు వైపులా ఒకేసారి కోస్తే బాడీ మధ్యలో కుంగుతుంది. నేను మొదటి బండికి అదే చేశాను, కొత్త రేకు నున్నగా అతికించి మురిసిపోయి తలుపు వేయబోతే లాక్ దగ్గర వేలెడు తేడా, అతికించిందంతా మళ్లీ కోశాను. కాబట్టి బాడీకి కింద సమానంగా సపోర్ట్ పెట్టి, తలుపులు ఉండే ఖాళీలో చదరపు పైపు అడ్డంగా వెల్డ్ చేసి, ముందే తలుపు చుట్టూ సందుల కొలతలు రాసుకో. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు.

బ్యాటరీ వైరు తీసెయ్, పెట్రోల్ ట్యాంకు దింపెయ్, పెట్రోల్ పైపులు, బ్రేక్ పైపులు ఎటు పోతున్నాయో చూసుకో. అడుగున పూసిన పాత తారు ఇట్టే అంటుకుంటుంది. పని ఆపాక కూడా ఒక అరగంట అక్కడే ఉండు.

తుప్పు కంటికి కనిపించినంతే ఉండదు. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ వెళ్లు, గట్టిగా మెరిసే ఇనుము తగిలేదాకా కోయాలి, అక్కడ జాలిపడితే పలచటి అంచు మీద వెల్డింగ్ పెట్టగానే చిల్లు పడుతుంది.

ఇక అసలు పని అట్టతో. కొత్త రేకుకి నమూనాగా దళసరి అట్ట కోసి, మడిచి, చాలనిచోట ముక్క అతికించి, అది కదలకుండా కూర్చునేదాకా రేకు జోలికి పోకు. నాకు వెల్డింగ్ కంటే దీనికే ఎక్కువ టైమ్ పడుతుంది, పట్టాలి కూడా. రేకు 18 లేక 20 గేజ్ తీసుకో, అంటే 1.2 లేక 0.9 మిల్లీమీటర్లు, పాతదాని మందం కొలిచి దానికి దగ్గరది. చదునుగా వదిలేస్తే కాలు పెట్టినప్పుడల్లా డబ్బా రేకులా డబడబమంటుంది, అందుకే పాత ఫ్లోర్‌లో ఆ గాడులు. రేకులో గాడులు నొక్కే మెషిన్, అదే బీడ్ రోలర్, లేకపోతే చెక్కలో గాడి తీసి, దాని మీద రేకు పెట్టి సుత్తితో నెమ్మదిగా దింపు. గాడులు తీసేకొద్దీ రేకు లోపలికి లాగుతుంది, కొలతకి కోసేది ఆ తర్వాతే.

వైరు దానంతటదే వచ్చే మిగ్ వెల్డింగ్ మెషిన్ అయితే 0.6 మిల్లీమీటర్ల వైరు చాలు. ఇక్కడొక చుక్క, దూరంగా ఇంకో చుక్క, చల్లారనిచ్చి మళ్లీ మధ్యలో. వరసగా లాగితే రేకు వంకర్లు పోతుంది. కింద అడ్డపట్టీలు తగిలే చోట రేకుకి 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి వాటిని వెల్డింగ్‌తో నింపు. జింక్ పూత ఉంటే ఆ చోట గీకేసి, గాలి ఆడేలా చూసుకో, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

తర్వాత ప్రైమర్, అతుకులన్నిటికీ రెండు వైపులా సీమ్ సీలర్ (నీళ్లు దూరకుండా పూసే పేస్టు), పైన రంగు. ఇవి వేసే ముందే తుప్పు పట్టించిన నీళ్లు లోపలికి ఎటునుంచి వచ్చాయో పట్టుకో. అద్దం మీద పైపుతో నీళ్లు వదిలి, లోపల టార్చ్‌తో చూడు, చాలాసార్లు ముందు అద్దం రబ్బరే దొరుకుతుంది.

ముందు సిల్లులు పొడిచి చూసి ఎంత మెత్తగా ఉన్నాయో చెప్పు, అవీ పోయుంటే ఫ్లోర్ కంటే ముందు వాటి పని చూడాలి.