సైట్ సర్వేకి దిగేముందు

చిరంజీవికి,

మొదటి సైట్ నీ చేతికిచ్చారని రాశావు, సంతోషం. లేఅవుట్ డ్రాయింగ్ ఎప్పుడో అయిపోయిందనీ, కట్టబోయే స్థలంలో ఏ మొక్కలు, జంతువులు ఉన్నాయో చెప్పే జీవావరణ సర్వే రిపోర్ట్ ఒక్కటే బాకీ అనీ, అది నెలలో ఇచ్చెయ్యమంటున్నారనీ కూడా రాశావు. ఆ ముక్క చదివాకే ఇంత పెద్ద ఉత్తరం రాయాలనిపించింది.

ముందు ఆ డ్రాయింగ్ సంగతి తేల్చుకో. రోడ్డు ఎటు పోవాలి, భవనం ఎక్కడ రావాలి అన్నది ఇంకా మార్చే వీలుందా అని మొహమాటపడకుండా అడుగు. ఈ పనిలో ఒక వరస ఉందని నీకు తెలుసు. నష్టం జరగకుండా తప్పించడం మొదటిది. కుదరకపోతే తగ్గించాలి, ఆపైన పాడైనదాన్ని బాగుచేయాలి, అదీ చాలకపోతే మరోచోట పరిహారంగా పెంచాలి. డ్రాయింగ్ ఖాయమైపోతే మొదటి మెట్టు చేజారినట్టే. మిగిలినవన్నీ ఖర్చెక్కువ, నమ్మకం తక్కువ. ఇంగ్లండ్‌లో 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద నిర్మాణాల వల్ల జీవవైవిధ్యం కనీసం 10 శాతం పెరగాలనీ, ముఖ్యమైన మెరుగుదలలను 30 ఏళ్ళు కాపాడాలనీ నిబంధన వచ్చింది. ఆ పది శాతం లెక్క కట్టాలన్నా, పని మొదలవకముందు ఆ నేల మీద ఏముందో ఎవరో ఒకరు వెళ్ళి చూసి రాసి ఉండాలి కదా.

ఆలస్యంగా చూస్తే ఏమవుతుందో అమెరికాలోని టెల్లికో డ్యామ్ కథ చెబుతుంది. పని 1967లో మొదలైంది. ఆ నదిలో స్నెయిల్ డార్టర్ అనే వేలెడంత చేప ఉందని డేవిడ్ ఎట్నియర్ అనే జీవశాస్త్రవేత్త గుర్తించింది 1973లో. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి 1978లో డ్యామ్ ఆగింది, అదీ చాలావరకు కట్టేశాక. మరుసటి ఏడు వాళ్ళ చట్టసభ కాంగ్రెస్ మినహాయింపు ఇచ్చి పూర్తి చేయించింది. ఆ చేపల్ని వేరే నదుల్లో వదిలారు, అవి నిలదొక్కుకున్నాయి, 2022లో రక్షిత జాబితా నుంచి తీసేశారు కూడా. కోర్టు ఆధారం చేసుకున్న అంతరించిపోయే జాతుల చట్టమే 1973 చివర్లో వచ్చింది కాబట్టి తప్పంతా ఒకరిదే అనలేం. కానీ కాగితం మీద తేలాల్సిన తగువు కాంక్రీటు పోశాక కోర్టులో తేలింది.

ఇక నెల గడువు గురించి. కప్పలు తొలి వానల తర్వాత రాత్రిపూట అరుస్తాయి. వలస పక్షులు కొన్ని నెలలే ఉంటాయి. తుంగ జాతుల్లో చాలావాటిని కాయ పట్టకుండా గుర్తుపట్టడం కష్టం. వీటన్నిటికీ సరిపోయే ఒకే నెల ఎక్కడా ఉండదు. కాబట్టి ఇప్పుడు చూడగలిగింది చూసి ఇవ్వు. ఏ కాలంలో మళ్ళీ ఎందుకు రావాలో రిపోర్ట్ మొదటి పేజీలోనే రాయి, అనుబంధంలో దాచకు. చివరి పేజీల్లో పెట్టినదాన్ని ఎవరూ చదవరు.

మళ్ళీ వచ్చే అవకాశం ఇవ్వరనే టెన్షన్ ఉంటే, ఎండిన నేలనే జాగ్రత్తగా చదువు. పల్లంగా ఉన్నచోట ఆగు. బురద పలకలుగా పగిలి ఉందా? పగుళ్ళలో ఖాళీ నత్తగుల్లలున్నాయా? తుంగ మోళ్ళు ఒక గీత దాకా వచ్చి ఆగిపోయాయా? ఆ గీత దాకా నీళ్ళు నిలిచి ఉండవచ్చు. ఇంటికొచ్చి పాత శాటిలైట్ చిత్రాలు నెలలవారీగా తిప్పి చూడు. కుంట కనబడితే డ్రాయింగ్‌లో పార్కింగ్ అని రాసినచోట నీలం రంగు పడుతుంది. నీ రిపోర్ట్‌లో అన్నిటికన్నా పనికొచ్చే మ్యాప్ అదే కావచ్చు.

పెద్ద చెట్లను నరికే జాబితాలో చేర్చేముందు తొర్రల్ని చూడు. తొర్ర అంచు నున్నగా, నూనె రాసినట్టు గోధుమరంగు తేలి ఉంటే గబ్బిలాలను అనుమానించు. కింద నల్లటి రెట్టలు దొరికితే గ్లవ్ వేసుకుని వేళ్ళ మధ్య నలిపి చూడు. గబ్బిలం రెట్ట పొడిపొడి అయిపోతుంది, అందులో పురుగు రెక్కల తునకలు మెరుస్తాయి. ఎలుకదైతే గట్టిగా ఉండి అలా రాలదు. నిర్ధారణ మాత్రం చీకటి పడే వేళ బయటికొచ్చేవాటిని చూసీ, మన చెవికి అందని వాటి కూతల్ని వినిపించే డిటెక్టర్‌తో వినీ చేసుకోవాలి.

పక్షుల లెక్కకి సూర్యోదయం తర్వాతి రెండు గంటలు మంచివి. గాలి గట్టిగా వీచే రోజు వెళ్ళకు, వెళ్ళక తప్పకపోతే ఆ మాట రాయి. నిజానికి నేనైతే రిపోర్ట్‌లో జాతుల జాబితా కన్నా ముందు ఈ వివరాలే వెతుకుతాను: ఎన్ని గంటలు, ఎంతమంది, ఏ వాతావరణం, ఏ దారిలో నడిచారు, ఎక్కడికి వెళ్ళలేకపోయారు. ఇవి లేకుండా ‘ముఖ్యమైన జంతుజాలం లేదు’ అని రాస్తే ఆ వాక్యానికి విలువ లేదు. అరగంట నడిస్తే కనబడలేదా, వారం తిరిగినా కనబడలేదా అని చదివేవాడికి తెలియాలి. మొక్కల క్వాడ్రాట్‌లకీ, అంటే నేల మీద వేసి లోపలి మొక్కల్ని లెక్కపెట్టే చదరాలకీ అంతే. కొత్త జాతులు వస్తూనే ఉంటే ఇంకొన్ని చదరాలు వేస్తూ పో, రావడం బాగా తగ్గాక ఆపు.

నీటి శాంపిల్‌లో డీఎన్ఏ వెతికే పద్ధతి మీద మోజు ఉన్నట్టుంది నీకు. మంచిదే, కానీ అది జీవి జాడ చెబుతుంది, సంఖ్య నమ్మకంగా చెప్పదు. దొరకనంత మాత్రాన లేనట్టూ కాదు. ఒక కుంట బురద బూట్లకంటుకుని ఇంకో కుంటకి పోతే ఫలితం పాడవుతుంది. పైగా కప్పల్ని చంపే కైట్రిడ్ ఫంగస్ కూడా అలాగే ప్రయాణం చేస్తుంది. బూట్లు కడిగి, వాటి మీద క్రిమినాశిని చల్లి, ఆరబెట్టాకే మరో కుంటలో దిగు.

‘కాస్త మెత్తగా రాయండి’ అని ఎవరో ఒకరు అడుగుతారు. భాష మెత్తగా చెయ్యి, అభ్యంతరం లేదు. చూసినదాన్ని మాత్రం తీసెయ్యకు. ఫీల్డ్ నోట్‌బుక్ పేజీలకు ఆ రాత్రే ఫోటో తీసి తేదీతో దాచుకో. ‘ఈ జాతి ఉంది, ప్రాజెక్ట్ ఆపండి’ అనకుండా, రోడ్డుని ఎటు ఎంత జరిపితే కుంట మిగులుతుందో గీసి చూపించు. నేను చూసినంతలో ప్లానర్లు ఆ గీత మీద మాట్లాడతారు, పేరాల మీద కాదు.

రాత్రి సర్వేకి ఒక్కదానివే వెళ్ళకు. ఎక్కడుంటావో, ఎన్నింటికి తిరిగొస్తావో ఒకరికి చెప్పు. పాతబావులు ఎక్కడున్నాయో పగలే చూసి గుర్తుపెట్టుకో. డ్రాయింగ్ మార్చడానికి ఒప్పుకున్నారో లేదో తేలగానే రాయి. ఒప్పుకోకపోతే ఆ మొదటి పేజీ ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న