సోషల్ మీడియా సమాచారం గ్రంథాలయానికి: ఈ పనికి ఏం చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో బీఏ పూర్తి చేసింది. యూట్యూబ్, ఫేస్‌బుక్‌లలో పనికొచ్చే సమాచారాన్ని ఏరి గ్రంథాలయాలకు అందించే పని చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉంటుందా? గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ కోర్సు అయిన బీఎల్‌ఐఎస్‌సీలో చేర్పించవచ్చా? - ఒక తండ్రి

జవాబు: నిరభ్యంతరంగా చేర్పించండి. అయితే ఆ పని ఒక్కటే చేసే పోస్టు మన జిల్లాల్లో దొరకడం కష్టమని, గ్రంథాలయ ఉద్యోగంలో భాగంగానే అది చేయవలసి ఉంటుందని ఆమెకు ముందే చెప్పండి. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ట్విట్టర్‌లోని బహిరంగ పోస్టులన్నిటినీ భద్రపరుస్తామని 2010లో ప్రకటించి, 2018 జనవరి నుంచి ఎంపిక చేసినవాటికే పరిమితమైంది. ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చగలగడమే ఇందులో అసలైన నైపుణ్యం.

ఉదాహరణకు, 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు జిల్లా పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. ఆనాటి వీడియో ఒకటి జిల్లా చరిత్ర సేకరణలో చేరాలంటే, దాన్ని తీసినవారెవరో, ఏ రోజు, ఎక్కడ నిలబడి తీశారో కనుక్కోవాలి. మరెక్కడిదో పాత దృశ్యాన్ని ఈ వరదదిగా తిప్పుతున్నారేమో సరిచూడాలి. పోస్టు అందరికీ కనిపించినంత మాత్రాన కాపీరైటు పోదు కనుక తీసినవారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. లింకు మాత్రమే రాసిపెట్టుకుంటే, ఖాతాదారు పోస్టును తొలగించిన రోజున ఆ నమోదు వృథా అవుతుంది. ఇంత చేసినా, తగిన విషయ శీర్షికలతో కేటలాగులోకి ఎక్కకపోతే పదేళ్ల తరువాత వచ్చే పరిశోధకుడికి ఆ వీడియో దొరకదు. వర్గీకరణ, సూచీకరణ తెలియనిదే ఈ పని సాగదు కాబట్టే బీఎల్‌ఐఎస్‌సీ చదవమంటున్నాను.

ఏ డిగ్రీ చేసినవారైనా ఒక సంవత్సరం పాటు సాగే ఈ కోర్సులో చేరవచ్చు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో గ్రంథాలయ శాస్త్ర విభాగం ఉంది. ఇంటి పట్టున ఉండి చదవాలనుకుంటే దూరవిద్య అందించే ఇగ్నో విశ్వవిద్యాలయం ఉంది. అక్కడితో ఆపించకండి. విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ లైబ్రేరియన్ కావాలంటే గ్రంథాలయ శాస్త్రం పీజీలో 55 శాతం మార్కులు, సాధారణంగా నెట్ (జాతీయ అర్హత పరీక్ష) అర్హత అడుగుతారు. ప్రభుత్వ నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే పిల్లలను చూస్తే బాధేస్తుంది. గ్రంథాలయ కేటలాగును నడిపే కోహా, డిజిటల్ ప్రతులను భద్రపరిచే డీస్పేస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నేర్చుకున్నవారు ప్రైవేటు కళాశాలల్లోనూ ప్రయత్నించుకోవచ్చు.

దరఖాస్తు పెట్టేలోగా ఆమెకు ఒక పని అప్పగించండి. ఉదయగిరి కొయ్య చెంచాల తయారీపై యూట్యూబ్‌లో ఉన్న వీడియోలను చూసి, నమ్మదగినవి ఓ పది ఎంచి, ఒక్కోదానికి తీసినవారు, తేదీ, స్థలం, సారాంశం, ఎంచుకోవడానికి కారణం రాయమనండి. ఆ పని ఆమెకు విసుగు పుట్టిస్తే, ఫీజు కట్టకముందే తెలిసిపోతుంది.