ఉపవాసం రోజే ఇంట్లో గొడవ ఎందుకవుతోంది?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. ప్రైవేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని, మూడు షిఫ్టులూ పడతాయి. బాప్తిస్మం తీసుకుని 12 ఏళ్లయింది. ప్రతి జనవరి ఒకటిన, ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని మొదలుపెడతాను. మూడో పుస్తకం లేవీయకాండం దగ్గర ఆగిపోతాను. ప్రార్థనకి మోకరిస్తే మనసు ఎటో పోతుంది, లేదంటే నిద్ర పట్టేస్తుంది. శుక్రవారం సాయంత్రం వరకు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటాను. రెండేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతున్నాను. ఆ రోజు ఒక్కోసారి వేసుకుంటాను, ఒక్కోసారి మానేస్తాను. సాయంత్రం నాలుగయ్యేసరికి పిల్లల మీద అరిచేస్తుంటాను. మా అత్తగారు విశ్వాసంలో లేరు. "శుక్రవారం మీ అమ్మ జోలికి పోకండ్రా" అని ఆవిడ పిల్లలతో అంటుంటే విని తల ఎత్తుకోలేకపోయాను. మా సంఘంలో ఒక అక్క తెల్లవారుజామున మూడింటికి లేచి మూడు గంటలు ప్రార్థిస్తారు. ఇన్నేళ్లయినా నేను ఎదగలేదా? ఈ నియమాలన్నీ మానేస్తేనే నయమా?

జవాబు: సోదరీ, నియమాలు మానాల్సిన పని లేదు. కానీ మీరు పెట్టుకున్నవి నైట్ డ్యూటీలు లేనివాళ్ల కోసం, షుగర్ లేనివాళ్ల కోసం తయారైనవి. ఇక ఎదుగుదల సంగతి. ఎన్ని అధ్యాయాలు చదివారు, ఎన్ని గంటలు మోకరించారు అన్నది దానికి కొలత కాదు. అభ్యాసం వల్ల మేలేదో కీడేదో వివేచించగలిగే స్థితికి వచ్చినవాళ్లనే హెబ్రీ పత్రిక (5:14) పెద్దవాళ్లంటుంది. అత్తగారి మాటకి కోపం రాకుండా సిగ్గు కలిగిందంటే మీలో ఆ వివేచన పనిచేస్తున్నట్టే. మిగతావన్నీ తర్వాత. ముందు శుక్రవారం గురించి మాట్లాడదాం, అది మీ ప్రాణానికి సంబంధించిన విషయం కాబట్టి.

మీరు నర్సు. తిండీ నీళ్లూ లేకుండా పన్నెండు గంటలు గడిపి, షుగర్ మాత్ర తోచినట్టు వేసుకునే పేషెంటు మీ వార్డులో ఉంటే ఏమంటారు? మీరు వాడే మాత్ర పేరు రాయలేదు. అది మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ బాగా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ లాంటిది అందులో కలిసి ఉంటే మాత్రం కడుపు ఖాళీగా ఉన్నా అది ఇన్సులిన్‌ని బయటికి తెప్పిస్తూనే ఉంటుంది. షుగర్ 70 కిందికి దిగితే చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, గుండె దడ వస్తుంది, చిన్న మాటకే చిరాకు పుట్టుకొస్తుంది. సాయంత్రం నాలుగింటికి పిల్లల మీద అరిచే అరుపులో ఇది కొంత ఉండి ఉండొచ్చు. రోజూ కాఫీ తాగే అలవాటు ఉంటే ఇంకొకటి తోడవుతుంది. చివరి కప్పు తాగిన 12 నుంచి 24 గంటల్లోపు తలనొప్పి మొదలవుతుంది. ముందు రోజు సాయంత్రం తాగినదే చివరిదైతే శుక్రవారం పగలంతా ఆ తలనొప్పే. దీన్ని సాతాను శోధన అని పేరు పెట్టి గద్దిస్తూ కూర్చుంటే తగ్గదు.

కాబట్టి మీ డాక్టరుతో మాట్లాడేవరకు భోజనం మానే ఉపవాసం ఆపండి. మాత్రను మీ అంతట మీరు మానొద్దు, సగం చేసుకోవద్దు. ఎప్పుడైనా పైన చెప్పిన లక్షణాలు కనబడితే అక్కడికక్కడే షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడండి. సాయంత్రం వరకూ ఓర్చుకుంటే దేవుడు మెచ్చుకుంటాడని ఎక్కడా రాసి లేదు.

భోజనం మానకపోతే అది ఉపవాసం ఎలా అవుతుందని మీకు అనిపిస్తుంది. దానియేలు 10వ అధ్యాయం చూడండి. మూడు వారాలు ఆయన రుచికరమైన ఆహారం, మాంసం, ద్రాక్షారసం మానాడు. వేళకి తింటూ, మాత్ర వేసుకుంటూ, ఇష్టమైనవి వదులుకునే దారి మీకూ ఉంది. మీ విషయంలో అది శుక్రవారం నాన్‌వెజ్, స్వీట్లు, డ్యూటీ అయ్యాక గంటసేపు చూసే ఫోను కావచ్చు. మూడూ ఒకేసారి వద్దు, ఒకటి ఎంచుకోండి. మానినదానికి అయ్యే డబ్బు విడిగా తీసి పెట్టండి. నెలకి ఐదారు వందలైనా మీ వార్డులో పేషెంట్లకి తోడుగా ఉండి మధ్యాహ్నం ఒక్క టీతో సరిపెట్టుకునేవాళ్ల భోజనానికి వస్తుంది. యెషయా 58 అడిగేది సరిగ్గా ఇదే. మేము ఉపవాసముంటే నువ్వెందుకు చూడవని జనం దేవుణ్ణి నిలదీస్తారు. మీరు ఉపవాసముండి కలహానికి దిగుతున్నారు, నీ ఆహారం ఆకలిగొన్నవాడికి పెట్టు అని జవాబు వస్తుంది. ఆ అధ్యాయాన్ని ఉపవాస కూడికల్లో చదవగా వినడం అరుదు. ఎందుకో మరి.

శుక్రవారం చెడిపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. తిండి మానారు గాని పని తగ్గలేదు. అదే వంట, అదే డ్యూటీ, అదే పిల్లల హోంవర్క్, పైన ఆకలి. భోజనం మానడం వల్ల మిగిలే అరగంట ప్రార్థనకి పోవాలి. అలా పోకపోతే అది వట్టి పస్తు. డాక్టరు ఒప్పుకుని మళ్లీ భోజనం మానే రోజు వస్తే ఒక్క పూటతో, అదీ నీళ్లు తాగుతూ, వీక్లీ ఆఫ్ రోజున మొదలుపెట్టండి. మీరు ఉపవాసమున్నట్టు ఇంట్లో వాళ్లకి ముఖం చూసి తెలియకూడదు. మత్తయి 6:16-18 లో ప్రభువు తల అంటుకుని ముఖం కడుక్కోమన్నది దీని గురించే.

ఇప్పుడు లేవీయకాండం. మీరు ఏటా అక్కడే ఆగడం వెనక పెద్ద ఆత్మీయ రహస్యమేమీ లేదు, చిన్న లెక్క ఉంది. బైబిల్లో 1189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో అవ్వాలంటే రోజుకి మూడు పైచిలుకు. ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి 90 దాటేసరికి జనవరి 28 వస్తుంది. అప్పటికే నిర్గమకాండంలో గుడారం కొలతలు, తెరలు, దిమ్మలు రెండోసారి చదివి అలిసిపోయి ఉంటారు. సరిగ్గా అప్పుడే వరసగా నాలుగు నైట్లు పడతాయి. నాలుగు రోజులు తప్పితే 13 అధ్యాయాలు బాకీ. ఆ బాకీ తీర్చడానికి పరిగెత్తి చదువుతారు, తలకెక్కదు, పుస్తకం మూసేస్తారు. నిజానికి మీరు వాక్యం మీద విసుగుపడలేదు, బాకీకి భయపడ్డారు.

బాకీ పడే వీలు లేని పద్ధతి ఒకటి చెబుతాను. మార్కు సువార్తతో మొదలుపెట్టండి, 16 అధ్యాయాలే. రోజుకి ఒక్క సంఘటన, అంటే పది పన్నెండు వచనాలు. మొదటిసారి బయటికి వినబడేలా చదవండి, మన పాత అనువాదం గొంతెత్తి చదివితేనే పట్టుబడుతుంది. రెండోసారి మెల్లగా చదువుతూ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఎవరు భయపడ్డారు, యేసు ఎక్కడ నిలబడ్డాడు అన్నవి చూడండి. తర్వాత నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి. "ఈ రోజు నేను ఫలానా వాళ్లతో ఫలానాది చేయాలి" అన్నట్టు పేరుతో సహా ఉండాలి. "ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి ఎవరి విషయంలోనో మీకే గుర్తుండదు. మొత్తం పదిహేను నిమిషాలు. ఒక రోజు తప్పితే ఆగిన చోటి నుంచే మర్నాడు. ఇలా మార్కు పూర్తవడానికి రెండు నెలలు పడుతుంది.

గడియారం చూసి సమయం పెట్టుకోవద్దు, మీ షిఫ్టులకి అది నిలవదు. రోజూ ఎలాగూ జరిగే పనికి జత చేయండి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, ఫోను ముట్టకముందు అన్నది మీకు పనికొస్తుంది. నైట్ దిగిన ఉదయం మాత్రం కళ్లు మూతలు పడుతుంటే మార్కు తెరవొద్దు. 4వ కీర్తన ఎనిమిది వచనాలు, 121వది ఎనిమిది, 134వది మూడే. ఒకటి చదివి పడుకోండి. 134వ కీర్తన రాత్రివేళ యెహోవా మందిరంలో నిలబడి పనిచేసేవాళ్లకి రాసినది, రాత్రంతా మేల్కొని వచ్చినవాళ్లకి బాగా తగులుతుంది. ఈ మూడూ కంఠతా వచ్చాక పుస్తకం కూడా అక్కర్లేదు, డ్రిప్ మార్చడానికి నడిచే దూరంలో ఒకటి అయిపోతుంది.

మార్కు అయ్యాక కొత్త నిబంధన మొత్తం చదవాలనిపిస్తే అందులో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకి ఒకటి చదివితే సరిగ్గా 52 వారాలు. రెండు రోజులు ఎప్పుడూ ఖాళీ, నైట్లకి సరిపోతాయి. లేవీయకాండాన్ని హెబ్రీ 9, 10 అధ్యాయాలు చదివిన వారంలోనే తెరవండి. ఆ హెబ్రీ అధ్యాయాలకి ఆధారమైన ప్రాయశ్చిత్త దినం గురించి చెప్పే 16వ అధ్యాయం ముందు, 19వది తర్వాత. నిన్నువలె నీ పొరుగువాని ప్రేమించమన్న మాట 19:18 లో ఉంది.

ప్రార్థనలో మనసు పోవడం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది పోతుంది. పక్కన చిన్న కాగితం పెట్టుకోండి. గ్యాస్ బుక్ చేయాలి, ఫీజు కట్టాలి అని గుర్తొస్తే రాసి పక్కన పెట్టి మళ్లీ రండి. మనసు తప్పిపోయిందని తిట్టుకునే సమయంలో రెండుసార్లు వెనక్కి రావచ్చు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో ఒక్కో విన్నపం దగ్గర ఆగి మీ మాటలు చేర్చండి. అనుదినాహారం దగ్గర ఇంటి ఖర్చు, ఋణస్థులను క్షమించడం దగ్గర ఒక మనిషి పేరు. పది నిమిషాలు చాలు. మోకరిస్తే నిద్ర వస్తుంటే డాబా మీద నడుస్తూ చేయండి. గొంతు పెద్దగా లేదన్న బెంగ వద్దు. బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదవులు కదిలాయి గాని స్వరం వినబడలేదు (1 సమూయేలు 1:13), యాజకుడు ఏలీ ఆమెను తాగి ఉందనుకున్నాడు. సంఘంలోని ఆ అక్క మూడు గంటల ప్రార్థన ఆమెకు తగినది. బహుశా ఆమెకి నైట్లు లేవు, ఇంట్లో చిన్నపిల్లలూ లేరు. ఆమెను చూసి సంతోషించండి, కొలబద్ద చేసుకోకండి.

మీరు ఇప్పటివరకు చేయనిది ఒకటుంది, మీ సమస్యకి అదే సూటిగా తగులుతుంది. రోజు చివర ఐదు నిమిషాలు, డ్యూటీ మారేటప్పుడు హ్యాండోవర్ ఇచ్చినట్టు, ఆ రోజుని దేవుడికి అప్పగించండి. జరిగింది జరిగినట్టు చెప్పాలి. ముందు ఒక మేలుకి స్తోత్రం. తర్వాత గలతీ 5:22-23 ఆత్మఫలమని చెప్పే తొమ్మిది గుణాల్లో ఒక్కదాన్నే, ఆ నెలంతా అదే, పట్టుకుని చూసుకోండి. మీకు దీర్ఘశాంతము, అంటే ఓర్పు. ఈ రోజు ఎక్కడ తప్పింది, ఎవరి దగ్గర, అప్పుడు ఆకలిగా ఉన్నానా, అలిసిపోయానా, ఎవరైనా చిన్నచూపు చూశారా? రెండు వారాలు రాస్తే ఒక వరస కనబడుతుంది. చాలామందికి అది ఇంటికి వచ్చిన మొదటి అరగంటలోనే తప్పుతుంది. మీకూ అంతే అయితే ఆ అరగంటలో హోంవర్క్ అడగకుండా ఉండటమే మీ సాధన. "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము" అని పౌలు తిమోతికి రాసిన మాట ఇంతటి చిన్న పనుల్లోనే నెరవేరుతుంది.

చివరగా మర్నాటికి ఒక్క సరిదిద్దు. మొదటిది అత్తగారితోనే చేయండి. "అత్తయ్యా, శుక్రవారాలు పిల్లల మీద అరుస్తున్నాను. తప్పు నాది" అని ఆపేయాలి. ఆకలి మీద ఉన్నాను, డ్యూటీలో అలిసిపోయాను అని తోక తగిలిస్తే అది క్షమాపణ కాదు, వివరణ. ఆ సందర్భంలో సువార్త చెప్పడానికి కూడా చూడొద్దు. ఆవిడ ఏమీ అనకపోవచ్చు, ఇంకో రెండు దెప్పొచ్చు కూడా. పిల్లలకీ విడిగా చెప్పండి.

ఇవన్నీ ఒంటరిగా చేస్తే నెల దాటదు. మీకంటే వయసులో పెద్దామె, నోరు కట్టుకోగలిగినామె ఒకరిని ఎంచుకుని పదిహేను రోజులకొకసారి అరగంట కూర్చోండి. తీతు 2:3-5 చెప్పే పెద్ద స్త్రీల పని అదే. ఏం చదివాను, ఎక్కడ తప్పాను, ఎవరికి క్షమాపణ చెప్పాలి అన్న మూడింటి గురించే మాట్లాడండి. మీ ఇంటి సంగతిని ప్రార్థన అంశం పేరుతో స్త్రీల కూడికలో పెట్టొద్దు. ఆదివారానికల్లా ఊరంతా మీకోసం ప్రార్థిస్తూ ఉంటుంది.

రెండు వారాలకి మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, పగలు నిద్ర దొరికినా పట్టకుండా, ఊరికే కన్నీళ్లొస్తుంటే మాత్రం అది ప్రార్థనలో పొడిబారడం కాకపోవచ్చు, డాక్టరుకి చూపించండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. ప్రవక్త ఏలీయా చచ్చిపోతానన్నప్పుడు దేవుడు ముందు నిద్రపోనిచ్చి, రెండుసార్లు భోజనం పెట్టించాడు. మాట తర్వాత (1 రాజులు 19).

వరస ఇలా పెట్టుకోండి. మొదటి నెల డాక్టరు, రోజు చివర ఐదు నిమిషాలు, అంతే. రెండో నెల మార్కు. మూడో నెల పది నిమిషాల ప్రార్థన, పెద్దామెతో కూర్చోవడం. ఉపవాసం గురించి ఆ తర్వాత ఆలోచించొచ్చు. ఆదివారం డ్యూటీ పడితే దోషిలా కుమిలిపోవద్దు, విశ్రాంతిదినాన మేలు చేయడం ధర్మమేనని ప్రభువే అన్నాడు (మత్తయి 12:12). మీ వీక్లీ ఆఫ్‌లో సగం పూటైనా పని లేని విశ్రాంతిగా ఉంచుకోండి. ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన ఉన్న ఆదివారం మాత్రం వదులుకోవద్దు. ఆ తేదీ ముందే కనుక్కుని, డ్యూటీ చార్ట్ పడకముందే ఇన్‌చార్జి సిస్టర్‌ని అడగండి. చార్ట్ పడ్డాక మార్చమంటే ఇంకెవరి ఆదివారమో పోతుంది.